ఖాళీ బండి తూకం

"పాతది శుభ్రంగా తీసెయ్యండి మేడమ్,
ఆ తర్వాతే కొత్త వెర్షన్ ఎక్కుతుంది."
ఫోన్లో విజయవాడ కుర్రాడు
అరటిపండు తొక్క తీసినంత తేలిగ్గా చెప్పాడు.

ఉండి కాలవ గట్టు మీద మా కాటా.
పగలు ధాన్యం ట్రాక్టర్లు,
తెల్లవారుజామున ఐసు నీళ్ళు కార్చుకుంటూ చేపల లారీలు.
పన్నెండేళ్ళుగా ఒకటే సాఫ్ట్‌వేర్,
ఆకుపచ్చ అంకెలు, మూలన కన్నుకొట్టే గీత.

నిన్న నేను చేసిన పొరపాటు చెప్పుకోవాలి.
తీసెయ్యడమంటే చెరిపెయ్యడమే అనుకున్నాను.
ఫోల్డర్‌ని ఈడ్చుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను,
చెత్తబుట్టనీ ఖాళీ చేశాను,
చేతులు దులుపుకుని టీ తాగాను.

గుర్రపుడెక్క పీకించినట్టే అయింది.
ఏటా కాలవలు కట్టేసిన నెలలో
పైకి లాగి గట్టున గుట్టలు పోస్తారు,
ఊదా పూలతో సహా ఎండి పెళుసవుతుంది.
నీళ్ళు వదిలిన పదిహేనో రోజుకి
వంతెన నీడలో ఒక్క ఆకు
ఏమీ ఎరగనట్టు తేలుతూ ఉంటుంది.

కొత్తది అంటుంది:
పాత వెర్షన్ ఇంకా ఉంది, ముందు దాన్ని తీసెయ్యండి.
పాతది అంటుంది:
నన్ను తీసెయ్యాలంటే నన్ను ఎక్కించిన సీడీ పెట్టండి.
లేనిది ఉన్నానంటోంది,
వచ్చేది రానంటోంది,
బయట మూడు లారీలు ఒకేసారి హారన్.
ఐసు కరిగే వేళ ఎవరి వేదాంతం ఎవరికి కావాలి?
చీటీలు చేత్తో రాసిచ్చాను.
నా ఏడు ఒకటిలా ఉందని ఒక డ్రైవరు గొడవ.

సీడీ సంగతి ఏసుపాదం గారికే తెలియాలి.
నాకు ముందు ఈ కుర్చీ ఆయనది.
ఇప్పుడు కలవపూడి దారిలో రొయ్యల చెరువు కాపలా.
ఫోన్ చేస్తే చాలాసేపు నవ్వారు.
"ఉందమ్మా. వచ్చి కోసుకుపో."

చెరువు మీద దారాలు, దారాలకి సీడీలు.
ఎవరివో పెళ్ళి వీడియోలు, క్రిస్మస్ పాటలు,
ఎంసెట్ మోడల్ పేపర్లు,
నీటికాకులు వాలకుండా
గాలికి గిర్రున తిరుగుతున్నాయి.
ఏడో వరసలో మాది.
నల్ల మార్కరుతో ఆయన దస్తూరీ:
కాటా. ఒరిజినల్. పారెయ్యొద్దు.
పారెయ్యలేదు మరి.

"ఇన్నేళ్ళు ఎండలో ఉంది, ఇంకా ఏమైనా మిగిలుంటుందా అండీ?"
తువ్వాలుతో తుడుస్తూ అన్నారు,
"నాలో మిగల్లేదూ?"

డ్రైవ్ గరగరలాడింది.
అరవై రెండు శాతం దగ్గర
ముల్లు గొంతులో పడ్డట్టు ఆగింది.
నేను కుర్చీ అంచున, ఊపిరి కూడా మెల్లగా.
అరవై మూడు.
చివరికి తెర మీద:
తొలగించడం పూర్తయింది.
కొన్నిటిని తీయలేకపోయాం, వాటిని మీరే చేత్తో తీసెయ్యండి.

తీశాను,
నా కంటికి ఆనినంత వరకు.

కొత్తది ఎక్కింది. తెల్లటి తెర,
గుండ్రటి బొత్తాలు, అన్నీ అడిగి చేసే మర్యాద.
మొదటి బండి అస్సాం వెళ్ళాల్సిన లారీ,
శీలావతి లోడు ఎత్తకముందు ఖాళీ తూకం.
చీటీ బయటికొచ్చింది.
తేదీ సరిగ్గా. నంబరు సరిగ్గా.
అన్నిటికీ అడుగున, ఎవరూ అడక్కుండానే:
వెళ్ళిరండి. నే. ఏసుపాదం.

విజయవాడకి ఫోన్ చేద్దామని తీశాను,
మళ్ళీ బల్ల మీద పెట్టేశాను.

డ్రైవరు చీటీ వెలుగులో పెట్టి చూసుకున్నాడు.
"ఇదేంటండీ, మొన్నటి కంటే
ఖాళీ బండి పదిహేను కిలోలు ఎక్కువ చూపిస్తోంది?"

ఇప్పుడే కదా కడిగించావు, అన్నాను.
తడి.